లేదు వేరు, కాదు వేరు

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు
మార్చి 6

పిన్నికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. అందరూ క్షేమంగా లేరు కాబట్టే ఈ ఉత్తరం. ఆఫీసు మెయిల్‌లో రాస్తే ఎవరెవరు చదువుతారో తెలీదు, కంటి ఆపరేషన్ అయ్యాక నీకు తెరలు పడవు. కాబట్టి కాయితమే దిక్కు.

నిన్న మా ఆఫీసు కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. సాన షెడ్డులో అద్దాల అంచులు అరగదీసే పని, పదకొండేళ్లుగా. కనుబొమల మీద కూడా తెల్లటి పొడి. చేతిలో మేం పంపిన చీటీ. మా పని నీకు నేను చెప్పాలా! షెడ్డువాళ్ళ ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీసి, డాక్టర్లు చూసి, మచ్చ ఉందో లేదో రాసి కంప్యూటర్లో పెడతారు. మూడు నెలలకోసారి నేను ప్రోగ్రామ్ నడుపుతాను. మచ్చ ఉన్నవాళ్ళకి "ఫలితం: రోగి" అని అచ్చవుతుంది, మిగతావాళ్ళకి "ఫలితం: రోగి కాదు" అని. రోగి అని వస్తే ఆ రోజే దుమ్ములోంచి తప్పించి బయటి పనికి మార్చాలి. ఆవిడకి "రోగి కాదు" అని వచ్చింది. ఆ చీటీ నా ముందు పెట్టేలోగా మూడుసార్లు దగ్గింది.

"ఇది నాదేనా అమ్మా?"

"మీదే అక్కా, పేరుందిగా."

"నాకు ఎక్స్‌రే ఎవరూ తీయలేదే! తీయకుండానే కాదని మీ మిషన్‌కి ఎట్లా తెలిసింది?"

వెనక కుర్చీలోంచి మా సంతకాల సారు (సెక్షన్ హెడ్డుకి మేం పెట్టుకున్న పేరు, సంతకం తప్ప ఇంకేం పెట్టడు) "కాదని వస్తే సంతోషించాలి గానీ గొడవెందుకమ్మా" అన్నాడు. ఆవిడ అతన్ని చూడలేదు. నన్నే చూసి వెళ్ళిపోయింది.

భోజనం మానేసి ప్రోగ్రామ్ తెరిచాను. పాతికేళ్ల క్రితం లిస్ప్ భాషలో రాసిన కోడ్. ఫైలు పైన నీ పొడి అక్షరాలు! ఇక్కడ ఉద్యోగంలో చేరినప్పుడే చెప్పావు, "అక్కడ నా చెయ్యి కూడా ఉంటుంది చూసుకో" అని. గర్వపడ్డాను అప్పుడు. నీ నోట్సు నకళ్ళు కుట్టుకుని చదివే కదా నేను లిస్ప్ నేర్చుకున్నది. నాకు అవి కాలేజీలో చదివే విప్లవ కరపత్రాల్లాగే ఉండేవి, ప్రతి పేజీ ఏదో ఒకదానిమీద తిరుగుబాటులా.

మధ్యలో "రోగి-పీ" అనే ఫంక్షన్ ఉంది. ఒక మనిషి నంబరిస్తే ఆ మనిషి ఫిల్ముల్లో మచ్చ ఉన్నవాటిని ఏరి వరసగా ఇస్తుంది. ఒక్కటి దొరికినా అవును. ఏదీ దొరకకపోతే ఖాళీ వరస, అంటే నిల్. లిస్ప్‌లో నిల్ అంటే కాదు. బాగానే ఉంది. మరి ఆ మనిషికి అసలు ఫిల్మే లేకపోతే? అప్పుడూ ఖాళీయే. అప్పుడూ నిల్. అప్పుడూ "రోగి కాదు"!

మన మాటల్లో లేదు వేరు, కాదు వేరు పిన్నీ. చిన్నపిల్లలు కూడా పొరపాటు పడరు. ఈ నిల్‌గాడికి రెండూ ఒకటే!

లెక్క తీశాను. ఇలాంటివాళ్ళు నలభై ఒక్కమంది. అందరూ కాంట్రాక్టువాళ్ళే. ఎక్స్‌రే వ్యాన్ వచ్చేది పర్మనెంటువాళ్ళ కోసం. మనిషిని చూడకుండా "నువ్వు బాగున్నావు పో" అనేదాన్ని ఏమంటారో నా కరపత్రాల్లో చాలా పేర్లున్నాయి. నీ పేరు ఆ ఫైలు మీద ఉంది కాబట్టి ఇప్పుడే ఏదీ వాడటం లేదు. నువ్వే చెప్పు.

నీ
మిరపకాయ్

*

మా ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
మార్చి 13

ఒసేయ్ మిరపకాయ్,

నీ ఉత్తరం మీ బాబాయి పైకి చదివి వినిపించాడు. మధ్యలో రెండుసార్లు పిడికిలి ఎత్తాడు, మూడోసారి కాఫీ ఒలకబోశాడు. మేడ కింద దర్జీ వచ్చి "సభ ఏమైనా జరుగుతోందా అండీ" అని అడిగి వెళ్ళాడు.

ముందు నీ చదువు సంగతి. పేరు చివర పీ ఉంటే అది ప్రశ్న అని గుర్తు. జవాబు అవును, కాదు, అంతే. ఇందులో రెండు ముఠాలున్నాయి, మేం చదువుకునే రోజుల్లో క్యాంటీన్లో గిన్నెలు విసురుకునేదాకా వెళ్ళేది. అవునన్నప్పుడు ఉత్త "టి", అంటే నిజం అనే గుర్తు, ఇచ్చి ఊరుకోవాలని ఒక ముఠా. అవునన్నదానికి సాక్ష్యం కూడా చేతిలో పెట్టాలని ఇంకో ముఠా. మచ్చ ఉన్న ఫిల్ము దొరికితే, ఉత్త అవునెందుకు? ఆ ఫిల్మునే ఇచ్చెయ్, అడిగినవాడు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. నిల్ కానిదేదైనా అవునే కదా. నాది ఈ రెండో ముఠా. ఇప్పటికీ అదే.

నిల్ అబద్ధం చెప్పదే. అడిగినదానికే జవాబిస్తుంది. "మచ్చ ఉన్న ఫిల్ము దొరికిందా?" అని అడిగావు, దొరకలేదంది. దాన్ని పట్టుకుని మనిషికి రోగం లేదని అచ్చేసింది నిల్ కాదు. అచ్చేసే చోటు వేరు. ప్రశ్న ఒకటడిగి జవాబు ఇంకోదానికి అతికించుకుంటే తిట్లు ఫంక్షన్‌కి తగలకూడదు.

ఫిల్ము అసలుందా లేదా అని ముందుగా అడిగే ఏర్పాటు అప్పట్లో ఉండేదో లేదో నాకు గుర్తులేదు. పాతికేళ్లయింది. ఎన్ని చేతులు మారిందో.

నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు. ఆ నలభై ఒక్క పేర్లూ ఒక కాయితం మీద రాసి మీ సారుకి ఇవ్వు. వ్యాన్ పంపించమను. కోపం మంచిదే, కానీ కోపంగా ఉన్నప్పుడు కోడ్ రాయకూడదు, కూరలు తరగకూడదు.

అక్క ఫోన్ చేసింది. నువ్వు సరిగ్గా తినట్లేదట. భోజనం మానేశావన్న ముక్క దానికి చెప్పలేదు, నామీద ఒట్టు.

పిన్ని

*

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు
ఏప్రిల్ 2

పిన్నికి,

నువ్వు చెప్పినట్టే కాయితం రాశాను. నలభై ఒక్క పేర్లు, నంబర్లు, షెడ్డు, ఎన్నేళ్ల నుంచి. సంతకాల సారు మొదటి పేరు కూడా చదవలేదు.

"ప్రోగ్రామ్ ఏమంది?"

"కాదంది సార్. కానీ అది..."

"కాదంటే కాదే. మనం డాక్టర్లమా?"

"డాక్టర్లు చూడనేలేదు సార్! చూడటానికి ఫిల్మే లేదు!"

"లేకపోతే లేదు. ఇంత చిన్నదానికి ఇంత గొంతెందుకు?"

ఆ కాయితాన్ని టేబుల్ మీద గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు అడుగు తడి మొదటి పేరు మీద గుండ్రంగా అంటుకుంది. అది ఆ అక్క పేరు పిన్నీ. సాన అక్క అంటాను నేను.

వారం ఆగాను. ఇంకో వారం కూడా ఆగాను. షెడ్డు గేటు దగ్గర నిలబడి వాళ్ళు బయటికొచ్చేటప్పుడు చూశాను. పర్మనెంటువాళ్ళ ముక్కులకి మాస్కులు, కాంట్రాక్టువాళ్ళకి చెంగులు. ఇక నన్ను ఆగమనకు.

మొన్న భోజనాల వేళ ప్రోగ్రామ్ మార్చేశాను! రోగి-పీ మొదట్లోనే అడిగించాను: ఈ మనిషికి ఒక్క ఫిల్మైనా ఉందా? లేకపోతే నిల్ ఇవ్వకు, "తెలియదు" అనే మాట ఇవ్వు. అచ్చేసే చోట కూడా మూడో చీటీ చేర్చాను: "మీకు ఎక్స్‌రే తీయలేదు. తీయించుకోవడం మీ హక్కు." మచ్చ ఉన్న ఒక మనిషి నంబరిచ్చి చూశాను, సరిగ్గా వచ్చింది. మచ్చ లేని మనిషి నంబరిచ్చి చూశాను, అదీ సరిగ్గానే వచ్చింది. నిన్న మూడు నెలల లిస్టు నడిపాను. కట్టలు కట్టి పోస్టుకి ఇచ్చేశారు. సారు ఎప్పటిలాగే చూడకుండా సంతకం పెట్టాడు.

అవును, కాదు, తెలియదు! పాతికేళ్ల రెండు మాటల రాజ్యాన్ని ఐదు వాక్యాలతో కూల్చేశాను. నీ ముఠాలు రెండింటికీ నా విప్లవ వందనాలు.

మిరపకాయ్

*

మా ఇల్లు
ఏప్రిల్ 5

పిల్లా, ఇది కొరియర్లో పంపిస్తున్నాను.

చీటీలు పోస్టులోంచి వెనక్కి తీయించగలవా? వెంటనే చూడు.

లిస్ప్‌లో అబద్ధం ఒక్కటే, నిల్. అది తప్ప అన్నీ నిజమే. సున్నా నిజం. "కాదు" అన్న మాట నిజం. నువ్వు పెట్టిన "తెలియదు" కూడా నిజమే! అచ్చేసే చోట మొదటి ప్రశ్న ఏముంది? "రోగి-పీ అవునందా?" అని. తెలియదు అన్నది నిల్ కాదు కాబట్టి దానికి అవునని వినిపిస్తుంది. నీ మూడో చీటీ దాకా అది ఎప్పటికీ రాదు.

ఆ నలభై ఒక్కమందికీ "రోగి" అని వెళ్ళి ఉంటుంది.

మూడో రకం మనిషి నంబరిచ్చి ఎందుకు చూడలేదే? ఎవరి కోసం మార్చావో వాళ్ళ నంబరే కదా ముందు ఇవ్వాల్సింది!

పిన్ని

*

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు
ఏప్రిల్ 12

పిన్నికి,

కొరియర్ వచ్చేసరికే ఇక్కడ తెలిసిపోయింది.

తిట్టు. తిట్టాల్సిందే. నేను వేరే కంప్యూటర్ భాషల్లో పనిచేసి వచ్చాను, అక్కడ నిజం అంటే నిజమనే రాయాలి, లేకపోతే మిషన్ ఒప్పుకోదు. ఆ అలవాటుతో చేశాను. నీ నోట్సులో నాలుగో పేజీలోనే ఉంది, ఎర్ర గీత కింద: "నిల్ ఒక్కటే." వందసార్లు చదివాను. రాసేటప్పుడు చెయ్యి మర్చిపోయింది. ఆ రాత చూసుకుని సిగ్గుతో తల దిండులో దూర్చుకున్నాను.

ఇప్పుడు విను. నలభై ఒక్కమందీ చీటీలు పట్టుకుని షెడ్డు మేస్త్రీ దగ్గరికి వెళ్ళారు. రూలు రూలే కదా, రోగి అని వస్తే ఆ రోజే మార్చాలి. మార్చారు. సాన షెడ్డులో సగం మిషన్లు ఆగిపోయాయి. వాళ్ళంతా ఇప్పుడు వెనక పెరట్లో చెక్కపెట్టెలకు మేకులు కొడుతున్నారు, ఎండలో, గాలిలో. నిన్న వెళ్ళి నిజం చెప్పాను. మీకు రోగముందని ఎవరూ తేల్చలేదు, అది నా తప్పు అని. వాళ్ళు నన్ను కొడతారనుకున్నాను.

"అయితే రోగం లేదంటావా?" అంది సాన అక్క.

"అదీ తెలీదక్కా."

"అదే కదా మేమూ అంటున్నది! ఇన్నాళ్ళకి మాతో కలిశావ్." అంటూ నోట్లో మేకులు పెట్టుకునే నవ్వింది. పక్కన ముసలాయన, అందరూ తాతా అంటారు, "తెలీనప్పుడు దుమ్ములో ఉంచాలా, గాలిలో ఉంచాలా? మీ మిషన్ తప్పు పడితే ఇటు పడింది, పోనీలే" అన్నాడు.

ఇంకో రూలుంది. రోగి చీటీ వచ్చినవాళ్ళకి నలభై అయిదు రోజుల్లోగా పెద్దాసుపత్రిలో మళ్ళీ ఎక్స్‌రే తీసి నిర్ధారించాలి. అంటే మే 16 లోగా. అంటే, పిన్నీ, నేను అడిగితే ఇవ్వని ఎక్స్‌రే నా తప్పు వల్ల వాళ్ళకి దక్కుతోంది!

అందుకే ఆఫీసు వాళ్ళ తొందర. ఆ తేదీలోగా చీటీలు రద్దు చేస్తే ఎక్స్‌రే అక్కర్లేదు, అందర్నీ మళ్ళీ దుమ్ములోకి తోసేయొచ్చు. రద్దు కావాలంటే లిస్టు నడిపిన ఉద్యోగి సంతకం కావాలి. అది నేను. సారు ఒక కాయితం టైపు చేయించి తెచ్చాడు: "అంతా నా పొరపాటు. పాత ప్రోగ్రామ్ సరైనది. పాత ఫలితాలే నిలబడతాయి." సంతకం పెడితే మందలింపుతో సరిపెడతారట. పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. కానీ సంతకం కావాలి కాబట్టి ఇప్పుడే తీసేయలేరు. తీసేస్తే నేను ఉద్యోగిని కాను, సంతకం చెల్లదు. మొదటిసారి నా సంతకం కోసం సంతకాల సారు నా చుట్టూ తిరుగుతున్నాడు.

నీకు కూడా రాశారట, పాత ప్రోగ్రామ్ సరైనదేనని ఒక ముక్క రాసివ్వమని. నిజమా? ఏం రాస్తున్నావ్?

మిరపకాయ్

*

మా ఇల్లు
ఏప్రిల్ 20

అమ్మడూ,

ఈసారి నీ ఉత్తరం బాబాయికి ఇవ్వలేదు. భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరం నేనే కూడబలుక్కున్నాను. రెండు రోజులు పట్టింది. ఈ జవాబు కూడా అతనికి చూపించను.

గుర్తులేదని రాశాను కదా. గుర్తుంది.

మొదట రాసిన ప్రోగ్రామ్‌లో రోగి-పీ కన్నా ముందు ఇంకో ప్రశ్న ఉండేది. దాని పేరు "చూశామా-పీ". ఆ మనిషి ఫిల్ము ఒక్కటైనా డాక్టరు చూశాడా అని. చూడకపోతే పసుపు కాయితం మీద అచ్చయ్యేది: "ఫలితం: ఇంకా చూడలేదు." మొదటిసారి నడిపినప్పుడు నాలుగు వందల పైచిలుకు పసుపు కాయితాలు వచ్చాయి. టేబుల్ మీద గుట్ట. అప్పటి మా పెద్దసారు వచ్చి చూసి, "ఈ పసుపు ఏంటమ్మా, షెడ్డుల్లో పంచితే రేపు గేటు ముందు జాతరే. నాకు అవునో కాదో చాలు" అన్నాడు. నేను వాదించాను. ఎంతసేపనుకున్నావ్? టీ తాగేంతసేపు. తర్వాత నా సీటుకి వెళ్ళి ఆ ప్రశ్న తీసేశాను. పావుగంట పని. ఎందుకు తీశానో ఒక వ్యాఖ్య రాసి, మళ్ళీ ఆ వ్యాఖ్య కూడా చెరిపేశాను.

ప్రోగ్రామ్ ఎంత శుభ్రంగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడే నాకు కిటికీ పక్క పెద్ద టేబుల్ ఇచ్చారు. నిల్ అంటే ఖాళీ, నిల్ అంటే కాదు, రెండూ ఒకటవడం ఈ భాష అందమని పిల్లలకు పాఠాలు కూడా చెప్పాను. అందమే. నేను ఆ అందం వెనక దాక్కున్నాను.

మీ ఆఫీసు ఉత్తరం వచ్చిన మాట నిజమే. కింద రెండు గళ్ళు: పాత ప్రోగ్రామ్ సరైనది, అవును, కాదు. ఏదో ఒకదాంట్లో గుర్తు పెట్టి పంపాలట. ఇంకా పంపలేదు.

నువ్వు మాత్రం సంతకం పెట్టెయ్యవే. నేనేదో గొప్పగా చెబుతానని చూస్తావు, కానీ నా సలహా ఇదే. నీకు ఇరవై మూడేళ్లు. ఒక ఉద్యోగంలోంచి ఇలా బయటపడితే తర్వాతి గుమ్మం దగ్గర ఆ సంగతే ముందు అడుగుతారు. అక్క మొహం చూడలేను. పావుగంటలో నేను చేసినదానికి నీ బతుకు పెట్టకు.

పిన్ని

*

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు
ఏప్రిల్ 26

పిన్నికి,

పెట్టను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి నిన్ను ఏకవచనంలో కాకుండా బహువచనంలో తిట్టుకున్నాను, మీరు, తమరు, పెద్దలు అని. అంత దూరమైపోయావు ఆ కాసేపు. పావుగంట అంటావా? పాతికేళ్లలో వందసార్లు నడిచింది ఆ పావుగంట. నడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు కాదన్న చీటీ మడిచి దాచుకుని మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నారు.

నేను తప్పు చేశాను. తెలియదు అన్నది అవునైపోయేలా రాశాను. అది నా తప్పు, ఎవరడిగినా చెప్తాను, పెరట్లో వాళ్ళ ముందే చెప్పాను. కానీ సారు కాయితంలో మూడు వాక్యాలున్నాయి. మొదటిది సగం నిజం, మిగతా రెండూ పచ్చి అబద్ధాలు. మూడింటికీ కలిపి ఒకే సంతకమట! ఒకటి నిజమైతే అన్నీ నిజమైనట్టేనట!

సారుకి చెప్పాను: "మార్చిన తీరు పొరపాటు, మార్చడం పొరపాటు కాదు. రెండూ విడివిడిగా రాసివ్వండి, మొదటిదాని కింద పెడతాను."

"అలా రాసే ఫారం మన దగ్గర లేదమ్మా."

"నేను చేసిస్తా సార్, నాకు టైపు వచ్చు."

చెవుల దాకా ఎర్రబడ్డాడు.

తర్వాతి గుమ్మం సంగతి చెప్పావు. ఆ గుమ్మం నన్ను అడగనీ, చెప్తా. అడిగితే చెప్పుకోలేని పని చేసినవాళ్ళకి కదా గుమ్మాల భయం? ఇది నిన్ను గుచ్చాలనే రాశాను, కొట్టివేయను.

నువ్వు ఇంకా ఏ గడిలోనూ గుర్తు పెట్టలేదన్నావు. అవతల వాళ్ళు దాన్ని ఎలా చదువుకుంటారో తెలుసా? పెద్దావిడ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి పాతదే సరైనదని. ఖాళీని తమకు నచ్చినట్టు చదువుకోవడం వాళ్ళకు ఎవరు నేర్పారు పిన్నీ?

అమ్మకి నేనే చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "తింటున్నావా" అంది.

మిరపకాయ్

*

మా ఇల్లు
మే 4

అమ్మడూ,

గుచ్చుకుంది.

రెండు గళ్ళనూ అడ్డంగా కొట్టేసి వెనక వైపు రాశాను. బాబాయి పక్కన కూర్చుని, గీత వంకర పోతే చెయ్యి పట్టుకుని సరిచేశాడు. అంతా చెప్పాను అతనికి. "ఇన్నేళ్లూ నీ పక్కనే ఉన్నా కదా, నాకైనా చెప్పలేదే" అన్నాడు. నకలు ఇది:

"పాత ప్రోగ్రామ్ నేను రాసింది. ఎక్స్‌రే తీయనివాళ్ళను కూడా అది రోగి కాదంటుంది. ఇది నాకు తెలిసే జరిగింది. చూశామా అనే ప్రశ్నను నా చేత్తో తీసేశాను. కొత్త మార్పులో తప్పుంది, దాన్ని సరిచేసే నాలుగు వాక్యాలు కింద రాసిచ్చాను. పాత ఫలితాలు మాత్రం ఫిల్ము లేని ఏ ఒక్కరి విషయంలోనూ నిలబడవు."

ఒక నకలు పెద్దాసుపత్రి ఎక్స్‌రే విభాగానికి కూడా పంపాను. అది ఎవరూ అడగలేదు.

నాలుగు వాక్యాలూ నీకు కూడా జతచేశాను. చూసుకో. ఈసారి మూడు రకాల నంబర్లూ ఇచ్చి చూడు.

పిన్ని

*

పెద్దాసుపత్రి మెట్లు, ఆ తర్వాత హాస్టల్
మే 16

పిన్నీ,

సగం ఉత్తరం మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించు. నీ భూతద్దానికి పని ఎక్కువే.

పొద్దున తొమ్మిదింటికే నలభై ఒక్కమందీ వచ్చేశారు. ఉతికిన బట్టలు, తల దువ్వుకుని, ఫోటో అన్నారని కొందరు పౌడరు కూడా రాసుకొచ్చారు. తాత కొత్త చొక్కా. "లోపలిది తీస్తారు తాతా, చొక్కా విప్పమంటారు" అంటే "విప్పేదాకా వేసుకుంటా, నీకేం నొప్పి" అన్నాడు.

తొమ్మిదిన్నరకి సంతకాల సారు ఆటో దిగాడు. చేతిలో ఫైలు. తిన్నగా ఎక్స్‌రే గది తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఎక్స్‌రే తీసే ఆవిడ నడివయసు మనిషి, మెడలో ఐడీ కార్డు, చేతిలో పేర్ల లిస్టు.

"ఇవన్నీ రద్దమ్మా. పొరపాటున వెళ్ళిన చీటీలు. ఇదిగో ఆర్డరు."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది. తిప్పి వెనక కూడా చూసింది.

"లిస్టు నడిపిన ఉద్యోగి సంతకం ఎక్కడండీ?"

"పెడుతుంది. ఇక్కడే ఉంది ఆ అమ్మాయి."

అందరూ నావైపు తిరిగారు. వరండా అంతా. "పెట్టను సార్" అన్నాను. అంత చిన్న గొంతుతో జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. నీకు నవ్వొస్తుందేమో, ఇన్ని కరపత్రాలు చదివి చివరికి రెండు మాటలు.

"ఈ క్షణమే నీ ఉద్యోగం పోయిందనుకో!"

"అనుకున్నాను సార్. మరి ఇప్పుడు నేను ఉద్యోగిని కాదు కదా, ఇక పెట్టినా చెల్లదు."

వెనక నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. తాతే అనుకుంటాను. ఎక్స్‌రే ఆవిడ కాయితం మడిచి సారు చేతిలో పెట్టి, "నాకు పెద్దావిడ ఒకరు రాసిన ఉత్తరం కూడా వచ్చిందండీ. చదివాను. సంతకం లేని ఆర్డరు నేను తీసుకోలేను, పక్కకి జరుగుతారా, మా వాళ్ళు లోపలికి రావాలి" అంది. మా వాళ్ళు అంది పిన్నీ, విన్నావా?

సారు నన్ను పక్కకి పిలిచి, ఫైలులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు, నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు. ముందే టైపు చేయించుకుని తెచ్చాడు, అదీ మా ఆఫీసు తెలివి. అందులో సంతకం మాత్రం బాగానే ఉంది. "నీ మంచికే చెప్పానమ్మా" అన్నాడు. అతని మొహం చూస్తే ఆ మాట నిజంగానే నమ్ముతున్నాడనిపించింది. నాకు జాలి వేయలేదు. వేయాలా?

మొదట సాన అక్క వెళ్ళింది. తలుపు సగం తెరిచే ఉంది. "ఛాతీ ఆనించండి. ఊపిరి పీల్చి బిగబట్టండి." దగ్గు. మళ్ళీ "బిగబట్టండి." మళ్ళీ దగ్గు. లైన్లో ముందున్నవాళ్ళు నేల చూస్తున్నారు. ఎక్స్‌రే ఆవిడ మంచినీళ్ళు తెప్పించి, "తొందరేం లేదమ్మా, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను" అంది. మూడోసారి కాదు, నాలుగోసారి తీయగలిగింది. బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది. తర్వాత, "మచ్చ ఉంటుందంటావా?" అని నన్నడిగింది. తెలీదక్కా అన్నాను. తల ఊపింది.

ఇది హాస్టల్లో రాస్తున్నాను. నీ నాలుగు వాక్యాలూ చేత్తో ఎత్తి రాసి సీటు మీద పెట్టొచ్చాను, నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం. వాడతారో గ్లాసు కింద పెడతారో వాళ్ళ ఇష్టం. రేపటి నుంచి నాకు పని లేదు. హాస్టల్ వార్డెన్ ఈ నెలాఖరు దాకా ఉండమంది. ఆ తర్వాత నీ దగ్గరికి వస్తాను, వద్దన్నా వస్తాను. బోలెడు పోట్లాడాలి.

సాయంత్రం అయిదింటికి ఆఖరి మనిషి బయటికొచ్చాడు. నలభై ఒక్కమందివీ తీశారు పిన్నీ. డాక్టర్లు సోమవారం చెప్తారు. కొందరికి అవునంటారు, కొందరికి కాదంటారు. ఎవరికి ఏది చెప్పినా ఈసారి చూసి చెప్తారు.

మిరపకాయ్